సంతకం చెల్లే రోజుల్లోనే

బీరువాలో జీపీఏ కాగితం ఉంది, బ్యాంకు ఖాతాకి నామినీ పేరు రాయించాం, ఇక నాన్నకి ఏమైనా పనులు ఆగవు అని ధీమాగా ఉన్న ఇళ్లకి ఈ హెచ్చరిక. ఆ రెండు కాగితాలూ మీరు అనుకుంటున్న పని చేయవు. అవసరం ముంచుకొచ్చిన రోజునే చేయవు. ఆ సంగతి ఆ రోజు తెలిస్తే అప్పుడు చేయగలిగింది కూడా పెద్దగా ఉండదు.

ముందు జీపీఏ సంగతి చూద్దాం. గుంటూరులోనో కరీంనగర్‌లోనో రిటైరైన ఉద్యోగి ఒకాయన ఉన్నారనుకోండి. కొడుకు డాలస్‌లో, కూతురు హైదరాబాద్‌లో. డెబ్బై దాటాక ఇక తిరగలేనని కూతురి పేర జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ రాసి రిజిస్టర్ చేయించారు. ఒక తెల్లవారుజామున మెదడులో రక్తనాళం చిట్లి ఐసీయూలో చేరారు. బిల్లు పూటపూటకీ పెరుగుతోంది. డబ్బుకి కొదవ లేదు, అంతా ఆయన పేర ఫిక్స్‌డ్ డిపాజిట్లలో ఉంది. కూతురు జీపీఏ పట్టుకుని బ్యాంకుకి వెళ్తుంది. మేనేజరు కాగితం తిరగేసి, "నాన్నగారు స్పృహలో ఉన్నారా అమ్మా?" అని ఒక్క మాట అడుగుతాడు. లేరని నిజం చెబితే ఆ కాగితం విలువ అక్కడితో సరి. ఉన్నారని అబద్ధం చెప్పి డబ్బు తీస్తే, రేపు తోబుట్టువుల మధ్య మాట తేడా వచ్చిన నాడు ఆ అబద్ధమే ఆమె మెడకి చుట్టుకుంటుంది.

మేనేజరు దుర్మార్గుడేం కాదు. ఆ ప్రశ్న ఆయన చేత అడిగించేది 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలోని 201వ సెక్షన్. అధికారం ఇచ్చిన మనిషి చనిపోయినా, మతిస్థిమితం కోల్పోయినా ఆ అధికారం రద్దయినట్టే. ప్రతినిధి బలమంతా యజమాని బలమే గనుక, యజమానే చేయలేని పని ప్రతినిధి ఎలా చేస్తాడన్నది చట్టం వాదన. వాదన బాగానే ఉంది గాని, మనిషి ప్రతినిధిని పెట్టుకునేది తాను చేయలేని రోజు కోసమే కదా! వాన మొదలవగానే తనంతట తానే ముడుచుకుపోయే గొడుగు మన జీపీఏ.

డాలస్‌లో ఉన్న కొడుక్కి ఇదంతా నమ్మశక్యంగా ఉండదు. అక్కడ ఆయన తనకోసం రాయించుకునే పవర్ ఆఫ్ అటార్నీ 'డ్యూరబుల్' రకం. మనిషి తెలివి తప్పినా అది పనిచేస్తుంది. అసలు అందుకోసమే రాస్తారు. ఇంగ్లండులో కూడా 2005 నాటి మెంటల్ కెపాసిటీ చట్టం కింద 'లాస్టింగ్ పవర్ ఆఫ్ అటార్నీ' ఉంది. పేరు ఒకటే కావడంతో మన ఎన్నారై కుటుంబాలు అక్కడి ధైర్యాన్ని తెచ్చి ఇక్కడి కాగితం మీద పెట్టుకుంటున్నాయి. మన దేశంలో అలాంటి పత్రం ఇంకా పుట్టలేదు. 'నాకు మతి తప్పినా ఇది చెల్లుతుంది' అని డాక్యుమెంట్ రైటర్ చేత ఒక వాక్యం రాయించుకున్నా అది చట్టానికి ఎదురు నిలవదు.

మరి కోమాలో ఉన్న మనిషి ఆస్తిని ఎవరు చూడాలి? దీనికి నేరుగా దారి చూపే చట్టం మనకి లేదు. 1987 నాటి మానసిక ఆరోగ్య చట్టంలో జిల్లా కోర్టు ఆస్తి చూసుకునే సంరక్షకుణ్ని నియమించే వీలైనా ఉండేది. దాని స్థానంలో వచ్చిన 2017 చట్టం వైద్యం గురించి, రోగి హక్కుల గురించి ఎన్నో మంచి మాటలు చెప్పి, ఆస్తి అధ్యాయాన్ని మాత్రం వదిలేసింది. దాంతో కుటుంబాలు రాజ్యాంగం 226వ అధికరణ పట్టుకుని హైకోర్టులో రిట్ వేసుకోవాల్సి వస్తోంది. కోమా రోగుల సంరక్షకుల నియామకానికి 2019లో కేరళ హైకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది. మెడికల్ బోర్డు నివేదిక కావాలి, తహసీల్దార్ స్థాయికి తగ్గని అధికారి రోగిని స్వయంగా చూసి విచారణ చేయాలి. అంతా జరిగాకే ఉత్తర్వు. మంచం పక్కన కూర్చోవాల్సిన భార్య లాయరు ఆఫీసు మెట్ల మీద కూర్చుంటుంది. ఈ ఖాళీని పార్లమెంటు ఎప్పుడో పూడ్చి ఉండాల్సింది. ప్రతి ఇంటా ముసలితనం ఉన్న దేశంలో ఇంతకన్నా తొందర పని ఏముంటుందో మాకు తెలియదు.

చట్టం మారేదాకా ఉన్నవాటితోనే నెట్టుకురావాలి. మొదటి పని, వైద్యానికి కావలసినంత డబ్బైనా భార్యాభర్తల జాయింట్ ఖాతాలో 'ఎయిదర్ ఆర్ సర్వైవర్' పద్ధతిలో పెట్టుకోవడం. అప్పుడు ఒకరు పడిపోయినా రెండోవారి సంతకంతో డబ్బు తీయవచ్చు. అన్నీ ఆయన పేరనే ఉండటం మన ఇళ్లలో ఒక అలవాటు. ఆ అలవాటు వల్ల ఐసీయూ ముందు ఆమె చేతులు కట్టేసినట్టవుతుంది. ఇక మనిషికి తెలివి ఉండి, చెయ్యి మాత్రమే కదలకపోతే సంగతి వేరు. జీపీఏ అప్పుడు నిక్షేపంగా చెల్లుతుంది. సంతకం చేయలేని రోగి వేలిముద్ర వేయవచ్చు, అదీ కుదరకపోతే కాలి బొటనవేలి ముద్ర వేయవచ్చు. బ్యాంకుకి తెలిసిన ఇద్దరు సాక్షులు గుర్తించాలి, వారిలో ఒకరు బ్యాంకు అధికారి అయ్యుండాలి. రిజర్వ్ బ్యాంకు నిబంధనే ఇది. బ్యాంకు కౌంటర్లో కొత్తగా చేరిన కుర్రాడికి తెలియకపోవచ్చు, మీకు తెలిసి ఉండాలి.

డిమెన్షియా విషయంలో ఇంకా మెలకువ కావాలి. అది రాత్రికి రాత్రి కమ్ముకోదు. తాళాలు ఎక్కడ పెట్టారో మరిచిపోవడం, మనవరాలిని కూతురి పేరుతో పిలవడం, పెన్షన్ లెక్క రెండుసార్లు చూసుకోవడం... ఆ దశలో చాలామందికి తమ ఆస్తి ఏమిటో, ఎవరికి ఇవ్వాలనుకుంటున్నారో స్పష్టంగానే తెలుసు. వీలునామాకి చట్టం కోరే తెలివి కూడా అంతే. 1925 నాటి భారత వారసత్వ చట్టం 59వ సెక్షన్, మతి తప్పిన మనిషి కూడా తెలివిగా ఉన్న వేళ రాస్తే చెల్లుతుందంటుంది. కాని ఆ వేళ తెలివిగా ఉన్నారని రేపు నిరూపించాల్సింది మీరు. అందుకే డాక్టరు మొదటిసారి ఆ జబ్బు పేరు ఎత్తిన వారంలోనే కాగితాల పని మొదలుపెట్టాలి. మాత్రలు రాసే న్యూరాలజిస్టులు ఆ చీటీ ఇస్తూనే ఈ మాట కూడా చెబితే ఎన్నో కుటుంబాలు కోర్టు గుమ్మం ఎక్కకుండా ఉంటాయి. ఇది వారి పని కాదనుకోకూడదు.

పిల్లలే ఎప్పటికీ పెద్దవాళ్లలా బతకలేని స్థితిలో ఉన్న తల్లిదండ్రులకైతే ఒక దారి ఉంది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం ఉన్నవారికి పద్దెనిమిదేళ్లు నిండినా సంరక్షకుణ్ని నియమించే ఏర్పాటు 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టంలో ఉంది. కలెక్టరు భాగంగా ఉండే స్థానిక కమిటీకి దరఖాస్తు పెట్టుకోవాలి. 'మా తర్వాత వాడి గతేంటి' అని కుమిలేవాళ్లలో ఎంతమంది ఆ దరఖాస్తు పెట్టారో వాళ్లే చెప్పాలి.

ఇప్పుడు నామినీ. నామినీ అంటే సొమ్ముకి యజమాని అని మన జనం నమ్మకం. బ్యాంకు నామినీ చేతికి డబ్బు ఇచ్చి తన బాధ్యత దులుపుకుంటుంది, అంతే. ఆ డబ్బు ఎవరిదన్నది వీలునామా తేలుస్తుంది, అది లేకపోతే వారసత్వ చట్టం తేలుస్తుంది. జీవిత బీమా విషయంలో సుప్రీంకోర్టు ఈ మాట నలభై ఏళ్ల కిందటే చెప్పింది. కంపెనీ షేర్ల నామినీకీ ఇదే వర్తిస్తుందని 2023 డిసెంబరులో మళ్లీ తేల్చింది. బీమాలో మాత్రం 2015 సవరణ తర్వాత తల్లిదండ్రులు, జీవిత భాగస్వామి, పిల్లలు నామినీలైతే ఆ సొమ్ము అనుభవించే హక్కు కూడా వారికే దక్కేలా రాశారు. పెళ్లికి ముందు తీసిన పాలసీలో నామినీగా అమ్మ పేరు, పెళ్లయి పదేళ్లయినా అదే పేరు, ఇద్దరు పిల్లలు... ఈ పొరపాటు అత్తాకోడళ్లని కోర్టులో ఎదురెదురుగా నిలబెడుతుంది. ఇద్దరూ మంచివాళ్లే అయినా సరే. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు డిపాజిట్‌కి నలుగురు నామినీల దాకా పెట్టుకోవచ్చు, ఎవరికి ఎంత శాతమో కూడా రాయవచ్చు. ఆ వంకతోనైనా ఒకసారి బ్యాంకుకి వెళ్లి పాత పేర్లు సరిచూసుకోండి. పదేళ్లు ఎవరూ అడగని డిపాజిట్లు రిజర్వ్ బ్యాంకు నిధికి వెళ్లిపోతాయి. 2025 జూన్ నాటికి అలా చేరినవి 67 వేల కోట్ల రూపాయలకి పైమాటే. అవన్నీ ఎవరో ఒకరు కడుపు కట్టుకుని దాచినవే. మీ ఇంట్లో వాళ్లవీ ఉన్నాయేమో రిజర్వ్ బ్యాంకు 'ఉద్గమ్' పోర్టల్‌లో పేరు కొట్టి చూడవచ్చు.

ఇంకో మాట. పోయినవాళ్ల ఏటీఎం పిన్ను, ఫోన్‌పే పిన్ను తెలుసు గదా అని పదకొండో రోజులోపే ఖాతా ఖాళీ చేసే పద్ధతి ఒకటి కనబడుతోంది. మనిషి పోయాక ఆ డబ్బు వారసులందరిదీ. కర్మకాండలకే తీశామని చెప్పినా లెక్క చెప్పాల్సిందే, చెప్పలేకపోతే అపహరణ అన్న మాట వినాల్సిందే.

వీలునామా లేకపోతే ఏమవుతుంది? ఏం కాదనుకుంటారు, పిల్లలు పంచుకుంటారనుకుంటారు. చట్టం తన వీలునామా తాను రాసి పెట్టుకుంది. హిందువుల్లో మగవాడు రాయకుండా పోతే భార్యకి, కొడుకులకి, కూతుళ్లకి, తల్లికి సమాన వాటాలు. తండ్రికి, వీళ్లలో ఒక్కరున్నా, సున్నా. ముప్పై ఐదేళ్ల కుర్రాడు మాదాపూర్‌లో ఫ్లాట్ కొని, అప్పు తీరకుండానే రోడ్డు ప్రమాదంలో పోయాడనుకోండి. ఆ ఫ్లాట్‌లో భార్యకి మూడో వంతు, బిడ్డకి మూడో వంతు, తల్లికి మూడో వంతు. భార్య అమ్ముకుని పుట్టింటికి వెళ్లాలన్నా అత్తగారి సంతకం కావాలి. బిడ్డ మైనరు గనుక వాడి వాటా అమ్మాలంటే కోర్టు అనుమతి కావాలి. కొడుకుని డబ్బు పెట్టి చదివించిన తండ్రికి చట్టం ప్రకారం అందులో చదరపు అడుగు కూడా రాదు. కుర్రాళ్లకి వీలునామా ఎందుకని అడిగేవాళ్లకి ఇదే జవాబు.

స్త్రీల విషయంలో చట్టం రాసిన వీలునామా మరీ అన్యాయం. పిల్లలు లేని హిందూ స్త్రీ చనిపోతే, భర్త కూడా లేకపోతే, ఆమె స్వార్జితం మొదట భర్త వారసులకే వెళ్తుంది. పుట్టింటి నుంచి సంక్రమించింది తండ్రి వారసులకి వెళ్తుంది గాని, తన చెమటతో కొనుక్కున్నది మాత్రం అత్తింటికే. 2009లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన ఒక కేసు ఈ చట్టం ఎంత రాయిలా ఉంటుందో చూపింది. 1955లో పెళ్లయిన ఒక అమ్మాయికి మూడు నెలలకే భర్త పోయాడు. అత్తింటివాళ్లు ఇంట్లోంచి వెళ్లగొట్టారు. పుట్టింటివాళ్లు చదివించారు, ఉద్యోగం వచ్చింది, నాలుగు దశాబ్దాలు తన కాళ్ల మీద తాను బతికింది, ఇంతో అంతో వెనకేసింది. 1996లో వీలునామా రాయకుండా పోయింది. తల్లి బతికే ఉంది, కూతురి సొమ్ము తనకి రావాలని అడిగింది. చివరికి అది ఆ భర్త అక్కచెల్లెళ్ల పిల్లలకి వెళ్లింది. మూడు నెలల కాపురంలో ఆమె మొహం కూడా సరిగా ఎరగని ఇంటికి! జాలి పడి చట్టాన్ని వంచలేమంది కోర్టు. 2025 నవంబరులో సుప్రీంకోర్టే ఈ నిబంధన మీద దాఖలైన పిటిషన్ విచారణలో స్త్రీలందరూ, ముఖ్యంగా హిందూ స్త్రీలు, వెంటనే వీలునామా రాసుకోవాలని విజ్ఞప్తి చేసింది. న్యాయమూర్తులు తీర్పు చెప్పే చోట విజ్ఞప్తి చేయడం అరుదు. ఒంటరిగా ఉండే టీచర్లు, నర్సులు, బ్యాంకు ఉద్యోగినులు, పిల్లలు లేని వితంతువులు, విదేశాల్లో ఉద్యోగం చేస్తూ ఇక్కడ ఫ్లాట్లు కొన్న ఆడపిల్లలు దీన్ని తమకే చెప్పినట్టు వినాలి.

ముస్లింలకి నియమం వేరు. ఖర్చులు, అప్పులు పోను మిగిలినదాంట్లో మూడో వంతుకి మించి వీలునామా రాస్తే వారసుల అంగీకారం లేకుండా చెల్లదు. క్రైస్తవులకి, పెళ్లి చేసుకుంటే అంతకుముందు రాసిన వీలునామా రద్దయిపోతుంది, మళ్లీ రాసుకోవాలి. ఈ ఒక్క సంగతి తెలియక ఎన్నో పాత కాగితాలు డ్రాయర్లలో ఉత్తుత్తిగా పడి ఉంటాయి.

అసలు వీలునామా రాయడం కన్నా తేలికైన దస్తావేజు మరొకటి లేదు. స్టాంపు కాగితం అక్కర్లేదు, స్టాంపు డ్యూటీ లేదు. తెల్లకాగితం మీద, తెలుగులోనే, సొంత చేత్తో రాసుకోవచ్చు. కావలసిందల్లా రాసినవారి సంతకం, ఆ సంతకం చేస్తుండగా చూసిన ఇద్దరు సాక్షులు, వారు మీ ఎదుటే చేసిన సంతకాలు. నోటరీ ముద్ర ఉంటే గట్టిదనుకుంటారు. సాక్షులు లేని నోటరీ వీలునామా చెల్లదు, నోటరీ లేని సాక్షుల వీలునామా చెల్లుతుంది. రేపు తగాదా వస్తే ఆ సాక్షుల్లో కనీసం ఒకరు కోర్టుకి వచ్చి చెప్పాలి. 2024 జులై 1 నుంచి కొత్త సాక్ష్య చట్టం వచ్చినా ఈ నియమం అలాగే ఉంది. తనతో పాటు రిటైరైన ఇద్దరు స్నేహితుల్ని సాక్షులుగా పెట్టుకోవడం మన పెద్దల అలవాటు. తీరా అవసరం వచ్చేసరికి వాళ్లూ ఉండరు. వయసులో చిన్నవాళ్లని, దొరికే చిరునామా ఉన్నవాళ్లని పెట్టుకోండి. ఆస్తి అందుకునేవాళ్లని మాత్రం సాక్షిగా పెట్టకండి. క్రైస్తవులకైతే అలా సంతకం చేసిన సాక్షికి రాసిన వాటాయే చెల్లదు, మిగతావాళ్లకి అది అనుమానానికి తలుపు తీసినట్టే.

ఆ అనుమానం సంగతే ఎక్కువ చెప్పాలి. వీలునామా తెచ్చినవాడే దాని చుట్టూ ఉన్న అనుమానాలన్నీ తుడిచేయాలని సుప్రీంకోర్టు 1958లోనే, మైసూరు నుంచి వచ్చిన వెంకటాచల అయ్యంగార్ కేసులో చెప్పింది. ఇప్పటికీ కింది కోర్టులు ఆ తీర్పునే వల్లిస్తాయి. చనిపోవడానికి రెండు రోజుల ముందు ఆసుపత్రి మంచం మీద వేలిముద్ర, ఒక్క కొడుక్కే అంతా, మిగతా పిల్లల పేర్లు కూడా లేవు, రాయించినవాడే లబ్ధి పొందినవాడు. ఇలాంటి వీలునామా రాసినా రాయనట్టే. కూతురికి తక్కువ ఇవ్వాలనుకుంటే ఎందుకో ఒక వాక్యంలో రాయండి, పెళ్లప్పుడు ఫలానా పొలం ఇచ్చానని రాయండి. మౌనంగా వదిలేస్తే ఆ మౌనం మీద ఇరవై ఏళ్లు వాదనలు నడుస్తాయి. పిత్రార్జితంలో మీ వాటా వరకే రాయగలరు. 2005 సవరణ తర్వాత కూతుళ్లు కూడా అందులో పుట్టుకతో వాటాదారులు, తండ్రి ఎప్పుడు పోయాడన్నదానితో దానికి సంబంధం లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. ఊరి పొలమంతా కొడుకు పేర రాసేసి నిశ్చింతగా ఉన్న పెద్దలు ఆ కాగితం మళ్లీ ఒకసారి లాయరుకి చూపించుకోవాలి.

ఆసుపత్రి వేలిముద్ర ఎంత దూరం వెళ్తుందో తెలియాలంటే పక్క రాష్ట్రం చూస్తే చాలు. ముఖ్యమంత్రి జయలలిత 2016 సెప్టెంబరు 22న ఆసుపత్రిలో చేరారు, డిసెంబరు 5న కన్నుమూశారు. మధ్యలో తిరుపరంకుండ్రం ఉప ఎన్నిక అభ్యర్థి పత్రాల మీద ఆమె వేలిముద్ర పడింది. ఆ పత్రాల ఆధారంగా నామినేషన్‌ను ఆమోదించడం తప్పని మద్రాసు హైకోర్టు 2019లో ఆ ఎన్నికనే కొట్టేసింది. చుట్టూ ఉన్నతాధికారులు, దేశంలోని మంచి డాక్టర్లు... ఇన్ని ఉన్నా ఆ వేలిముద్రని నిలబెట్టలేకపోయారు. ఆమె వీలునామా కూడా బయటపడలేదు. పోయస్ గార్డెన్ ఇల్లు, మన జీడిమెట్ల ద్రాక్షతోట వంటివెన్నో ఉన్న ఆమె ఆస్తులకి వారసులెవరో తేల్చడానికి 2020 దాకా పట్టింది. అన్న పిల్లలిద్దరూ ఆమె వారసులని హైకోర్టు చెప్పాల్సి వచ్చింది. ఆమె మనసులో ఎవరున్నారో ఎవరికీ తెలియదు.

వీలునామా రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, కాని చేయించడమే మేలంటాం. సబ్‌రిజిస్ట్రార్ ముందు మనిషి స్వయంగా వచ్చి ఒప్పుకున్నాడన్న రికార్డు ఉంటుంది. కదలలేనివారైతే తగిన కారణం చూపి దరఖాస్తు పెడితే అధికారే ఇంటికి వస్తారు. అది మూడో నంబరు పుస్తకంలో నమోదవుతుంది, బతికుండగా రాసినవారికో వారి ఏజెంటుకో తప్ప నకలు ఇవ్వరు, కాబట్టి పిల్లలకి ముందే తెలుస్తుందన్న భయం అక్కర్లేదు. ఎవరికీ చూపకుండా సీలు కవరులో జిల్లా రిజిస్ట్రార్ దగ్గర భద్రపరచే వీలు కూడా 1908 రిజిస్ట్రేషన్ చట్టంలో ఉంది. దీన్ని వాడుకునేవాళ్లు బహు తక్కువ. రిజిస్టర్ చేశాం గనుక మార్చలేమనుకోవద్దు. ఆఖరున రాసిందే చెల్లుతుంది, అది రిజిస్టర్ కాకపోయినా సరే.

వీలునామా రాయమంటే చావు కోరుతున్నావా అని కసిరే పెద్దలే, అదే నోటితో ఇల్లు కొడుకు పేర గిఫ్ట్ సెటిల్‌మెంట్ చేసేస్తానంటారు. ఈ తొందర మరీ ప్రమాదం. వీలునామా మీరు పోయాక పనిచేస్తుంది, ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. గిఫ్ట్ సంతకం ఆరకముందే ఇల్లు చేయి దాటుతుంది, మనసు మారిందని వెనక్కి తీసుకోలేరు. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ చట్టం (2007) 23వ సెక్షన్ కింద ఆర్డీవో ట్రిబ్యునల్‌కి వెళ్లి రద్దు చేయించుకోవచ్చు గాని, పోషిస్తాననే షరతు మీద ఇచ్చినట్టు చూపాలి. ఆ షరతు ఉండి తీరాలని 2022లో ఒక తీర్పు, వృద్ధుల పక్షాన ఉదారంగా చదవాలని 2025 జనవరిలో ఇంకొకటి. ఆ రెండు తీర్పుల మధ్య మీ ముసలితనాన్ని నిలబెట్టుకోవద్దు. ఇవ్వక తప్పదనుకుంటే, బతికినన్నాళ్లు అనుభవించే హక్కు మాకే అని, పోషణ షరతు మీద ఇస్తున్నామని ఆ దస్తావేజులోనే రాయించండి. మమ్మల్నడిగితే ఇవ్వకండనే చెబుతాం.

జీపీఏకి మళ్లీ వస్తే, ఇంకో అపాయం ఉంది. హైదరాబాద్ చుట్టుపక్కల జీపీఏ మీద ప్లాట్లు కొనేసి ఇళ్లు కట్టుకున్నవాళ్లకి లెక్క లేదు. జీపీఏ, అగ్రిమెంటు, వీలునామా ఈ మూడూ కట్టకట్టి ఇచ్చినా యాజమాన్యం మారదని 2011 అక్టోబరులో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అదే తీర్పు, తన పనులు చూసుకోమని సొంతవాళ్లకి నిజాయితీగా ఇచ్చే జీపీఏల మీద ఏ మచ్చా వేయలేదు. కాబట్టి ఇవ్వండి, కాని గుడ్డిగా ఇవ్వకండి. అమ్మే అధికారం అవసరమా, లేక అద్దెలు వసూలు చేసి పన్ను కట్టే అధికారం చాలా? ఒక్క పనికైతే స్పెషల్ పవర్ చాలు. రద్దు చేస్తే ఇంట్లో మాటగా కాకుండా రిజిస్టర్ దస్తావేజుతో రద్దు చేసి, ఆ మనిషికి, బ్యాంకుకి, అద్దెదారుకి రాతపూర్వకంగా చెప్పండి. యజమాని పోయాక కూడా పాత జీపీఏతో రిజిస్ట్రేషన్ చేయించే ఘనులు మనలో ఉన్నారు.

విదేశాల్లో ఉన్నవాళ్లు ఇక్కడి ఆస్తికి పవర్ ఇవ్వాలంటే భారత కాన్సులేట్‌లోనో, నోటరీ ముందు చేసి అపొస్టిల్ వేయించో పంపుతారు. అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోగా స్టాంపు వేయించాలి. కొరియరు కవరులోనే గడువు దాటిన పవర్లతో సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకి వచ్చేవాళ్లు ఉంటారు. అక్కడ పసిపిల్లల్ని పెంచుతున్న జంటలు అక్కడి చట్టం ప్రకారం అక్కడే వీలునామా రాసి, ఇద్దరికీ ఏమైనా అయితే పిల్లల్ని ఎవరు పెంచాలో పేరు పెట్టాలి. హైదరాబాద్‌లో ఉన్న అమ్మమ్మకి వీసా వచ్చేదాకా పిల్లలు ఎవరింట్లో ఉండాలో కూడా ఆ పేరే తేలుస్తుంది. పేరు లేకపోతే ఆ రాష్ట్రపు జడ్జి తేలుస్తాడు.

చివరిగా దేహం సంగతి. కోలుకునే ఆశ లేనప్పుడు వెంటిలేటర్ వద్దని ముందే రాసుకునే హక్కుని సుప్రీంకోర్టు 2018 మార్చి 9న గుర్తించింది. మేజిస్ట్రేటు సంతకం కావాలన్న కష్టమైన నిబంధనని 2023 జనవరిలో సడలించి, ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ఎదుట చాలంది. మానసిక వైద్యం విషయంలో నా తరఫున ఎవరు మాట్లాడాలో తెల్లకాగితం మీద రాసి సంతకం పెట్టే వీలు 2017 చట్టం ఇచ్చింది. ఆస్తి కోసం వీలునామా రాసే రోజునే ఈ రెండూ రాసేయవచ్చు.

ఈ వారంలో చేయాల్సింది పెద్ద పనేం కాదు. ఒక నోటు పుస్తకంలో ఏ బ్యాంకులో ఏముంది, ఏ పాలసీ ఎవరి పేర ఉంది, లాకరు తాళం ఎక్కడ, పాసుపుస్తకం ఎక్కడ, ఎవరికి ఎంత బాకీ అని రాయండి. అమ్మ పేర ఏముందో కూడా అడిగి రాయండి, ఆమెని అడిగేవాళ్లు తక్కువ. రెండో రోజు వీలునామా చిత్తు రాయండి, మూడో రోజు సాక్షుల్ని పిలవండి. ఇంట్లో అరవై దాటినవారు ఉంటే ఫ్యామిలీ డాక్టరు దగ్గర తెలివిగా ఉన్నారన్న సర్టిఫికెట్ అదే తేదీతో తీసుకోండి. వీలునామా ఉన్న చోటు నమ్మకమైన ఒక్కరికి చెప్పండి. బ్యాంకు లాకరులో మాత్రం పెట్టకండి. మీరు పోయాక ఆ లాకరు తెరవడానికే కాగితాలు అడుగుతారు.